కంప్యూటర్ ఆపేసినా చప్పుళ్లు ఆగడం లేదు

ప్రశ్న

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ వయసు 59. భర్త తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు, నిరుడు కాలం చేశారు. ఇంట్లో ఆవిడా, 83 ఏళ్ల అత్తగారూ ఉంటారు. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ముందు గదిలో ఆయన వాడిన పాత కంప్యూటర్ ఉంది. గొడవంతా దాంతోనే.

రాత్రి రెండింటి ప్రాంతంలో అది తనంతట తనే లేస్తుంది. ఫ్యాను తిరిగిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది. ఆ కాసేపట్లోనే లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని నాలుగైదు సార్లు కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదలవుతుంది. మొదట బల్లి అనుకున్నారు. పగలు ఫొటోలు తెరవబోయినా అదే టిక్ టిక్, తెర బిగుసుకుపోతుంది. ఇది కాక స్పీకర్లలోంచి 'టిడిక్ టిడిక్ టిడిక్ బ్రర్ర్' అని వస్తుంది, ఆ వెంటనే అత్తగారి ఫోన్ మోగుతుంది. కంప్యూటర్ ఆపేసి ఉన్నా ఈ చప్పుడు వస్తోంది. సాయంత్రాలు బల్ల కింద టక్కున కొట్టి కీ కీ అంటుంది. ఒక మధ్యాహ్నం మగ గొంతొకటి ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడింది. పక్కింటి కుర్రాడు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశాడు, ఎవరో హ్యాక్ చేస్తున్నారన్నాడు. అప్పటినుంచి పనిమనిషి ఆ గది ఊడవనంటోంది.

'వాడేనే అమ్మాయ్, ఫోనొస్తోందని ముందే చెబుతున్నాడు' అంటున్నారు అత్తగారు, పోయిన కొడుకును తలచుకుని. రిపేరు షాపు అబ్బాయి వచ్చినప్పుడు ఏ చప్పుడూ రాలేదు. మదర్‌బోర్డు పోయిందన్నాడు, లేదంటే ఒకసారి ఫార్మాట్ కొట్టి, అంటే లోపలున్నదంతా చెరిపేసి, చూద్దామన్నాడు. ఈవిడ కొడుకేమో, 'పాత సామాన్లవాడికి ఇచ్చేయమ్మా, ల్యాప్‌టాప్ కొనిస్తా' అంటున్నాడు. అందులో ఇరవై ఏళ్ల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, ఆయన పాడి రికార్డు చేసుకున్న పద్యాలు ఉన్నాయి.

'పారేయాలా, బాగుచేయించాలా? మా అత్తగారికి ఏమని చెప్పాలి? నాకు భయమేం లేదు కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది' అని అడిగారు. చివర్లో ఒక ముక్క తగిలించారు: 'దాని ఇనప డబ్బా ముట్టుకుంటే ఒక్కోసారి చురుక్కుమంటుంది. అదేమంత పెద్ద విషయం కాదనుకోండి.'

సమాధానం

అమ్మా,

ఇది పూర్తిగా చదివే ముందు ఒక పని చేయండి. కాళ్లకు చెప్పులేసుకుని, పొడి చేతులతో, కంప్యూటర్ నడుస్తుంటే మెనూలోంచి షట్‌డౌన్ చేయండి. తెర ఆరిపోయాక గోడ దగ్గర స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి. స్పీకర్ల ప్లగ్గు వేరే ఉంటుంది, అది మాత్రం ప్రస్తుతానికి ఉండనివ్వండి. దాంతో చిన్న పరీక్ష ఉంది.

మీ ఇంట్లో అందరూ ఈ చప్పుళ్లన్నిటికీ కలిపి ఒకే కారణం వెతుకుతున్నారు. అత్తగారికి కొడుకు, షాపు అబ్బాయికి మదర్‌బోర్డు, పక్కింటి కుర్రాడికి హ్యాకర్. మీరు రాసిన వివరాలు చూస్తే మాత్రం ఇవి వేర్వేరు చోట్ల నుంచి వస్తున్న వేర్వేరు చప్పుళ్లు. వాటిలో ఒక్కదానికే తొందర ఉంది. ఇంట్లో ఎవరూ అంతగా పట్టించుకోనిది కూడా అదే: టిక్ టిక్.

పాత కంప్యూటర్లలో ఫొటోలూ ఫైళ్లూ ఉండేది హార్డ్ డిస్క్‌లో. దాన్లో అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో ఒక సన్నటి చేయి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. గ్రామఫోన్ ప్లేటు మీద ముల్లు లాంటిదే, కాకపోతే ఇది తాకకూడని ముల్లు. కావలసిన చోటు దొరక్కపోతే ఆ చేయి వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంది. అలా వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక టిక్. నాలుగైదు సార్లు కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదలవుతోందని రాశారు చూడండి, ఆ తీరును బట్టే నా అనుమానం దాని మీదికి వెళ్లింది. ఫ్యానుకు వైరు తగులుతుంటే చప్పుడు ఎడతెరిపి లేకుండా వస్తుంది, ఫ్యాను జోరు పెరిగితే చప్పుడు జోరూ పెరుగుతుంది. బల్లికైతే మీరు ఫొటోలు తెరుస్తున్నారో లేదో తెలియదు కదా. (డబ్బా విప్పినప్పుడు లోపల బల్లి గుడ్లు కనిపించినా ఆశ్చర్యపోకండి. వెచ్చగా ఉంటుందని చేరతాయి.)

రాత్రి రెండు గంటల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. మీరు కంప్యూటర్‌ను ఆపేస్తున్నాననుకుని బహుశా నిద్రపుచ్చుతున్నారు. స్లీప్‌లో తెర నల్లగా అయిపోతుంది కానీ యంత్రం పూర్తిగా ఆగదు. విండోస్ తన శుభ్రతా పనులకు ముందుగా పెట్టుకున్న వేళ రాత్రి రెండు గంటలు, ఎవరూ వాడరని. ఆ వేళకు లేచి డిస్క్‌ను తనిఖీ చేయడం, సర్దడం లాంటివి చేసుకుని మళ్లీ పడుకుంటుంది. బాగున్న డిస్క్‌కు అది మంచిదే. జబ్బుపడిన డిస్క్‌ను రాత్రిపూట లేపి పని చేయించడం మాత్రం ఉన్న ఆయుష్షును తగ్గించడమే. అందుకే ముందు ప్లగ్గు తీయమన్నాను. ఈ రాత్రి రెండింటికి ఏ చప్పుడూ రాదు. మీకు మెలకువ మాత్రం ఇంకొన్నాళ్లు రావచ్చు. అలవాటు పడ్డ ఒళ్లు కదా.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ ఫొటోలూ పద్యాలూ ఎలా బయటికి తేవడం. మీ ముందు మూడు దారులున్నాయి.

మీ అబ్బాయి ఒక శనాదివారాలు వచ్చి చేయడం ఒకటి. కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి తెచ్చుకుని, కంప్యూటర్ పెట్టి, ఎక్కువ విలువైనవీ తక్కువ చోటు తినేవీ ముందు దించుకోవాలి: పద్యాలు, పొలం కాగితాలు, తర్వాత ఫొటోలు, సినిమాలూ వీడియోలూ ఆఖర్న. మొత్తం ఫోల్డర్‌ను ఒకేసారి లాగితే చెడిపోయిన ఒక్క ఫైలు దగ్గర గంటలకొద్దీ ఇరుక్కుపోతుంది, కాబట్టి ముక్కలు ముక్కలుగా చేయాలి. డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, కానీ దాన్ని ఈ డిస్క్ మీదకే దించి ఎక్కించే పని కాపీ అయ్యాకే. ఈ దారిలో ఖర్చు కొత్త డిస్క్‌ది మాత్రమే. ప్రమాదం ఏమిటంటే పని మధ్యలో డిస్క్ పూర్తిగా పడిపోవచ్చు. అలా అయితే మళ్లీ మళ్లీ పెట్టి చూడకుండా అక్కడితో ఆపేయాలి. మీ అబ్బాయికి అంత నిగ్రహం ఉందా అన్నది మీకే తెలియాలి. కంప్యూటర్ తెలిసినవాళ్లకు 'ఇంకొక్కసారి చూద్దాం' అనే జబ్బు ఎక్కువ.

షాపు అబ్బాయి చేత చేయించడం రెండోది. ఇదీ పనికొస్తుంది, మీరు అడిగే మాట మారితే. 'చప్పుడు వస్తోంది, బాగుచెయ్యి' అంటే అతను తనకు తెలిసిన వైద్యం చేస్తాడు, అది ఫార్మాట్. 'బాగుచేయొద్దు. డిస్క్ ఊడదీసి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, లోపలున్నది కొత్త డిస్క్‌లోకి కాపీ చెయ్యి. దీని మీద ఏమీ రాయొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు, చెక్‌డిస్క్ అనే తనిఖీ నడపొద్దు' అని చెప్పండి. కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది. సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాను, డి జోలికి పోను అంటాడేమో. తెర మీద సి, డి అని రెండు కనిపించినా డబ్బాలో డిస్క్ ఒక్కటే అయివుండొచ్చు. ఉన్న ఆ ఒక్కదానికే జబ్బు. అతన్ని మోసగాడని నేననడం లేదు. చప్పుడు వినకుండా, మీ దగ్గర ఏం దాచుకున్నారో తెలియకుండా ఒక మాట అనేశాడు. ఇబ్బందల్లా వేరే చోట ఉంది. మీ పొలం కాగితాలూ, బహుశా మీవారి పాస్‌వర్డులూ అందులోనే ఉన్నాయి. డిస్క్‌ను రాత్రి షాపులో వదిలి రాకుండా, ఎవరైనా ఉండి చేయించుకోండి.

డిస్క్‌ను కంప్యూటర్ అసలు గుర్తించకపోతే, లేదా తగిలించగానే టిక్ టిక్ తప్ప ఏమీ జరగకపోతే మిగిలేది మూడో దారి, డేటా రికవరీ చేసేవాళ్లు. దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పి, లోపలి భాగాలు మార్చి చదువుతారు. విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల ఉంటారు. ఖర్చు వేలల్లో మొదలవుతుంది, దెబ్బ పెద్దదైతే చాలా పైకి పోతుంది. ఫైళ్లు రాకపోతే డబ్బు తీసుకుంటారా లేదా, డిస్క్ ఎక్కడ విప్పుతారు అని ముందే అడగండి. అంచనా రాతలో తీసుకోండి. ఒక షాపులో కాలేదని ఇంకో షాపు, ఆ తర్వాత మరొకటి అని తిప్పితే, ఒక్కొక్కరు పెట్టి చూసిన కొద్దీ మిగిలింది కూడా పోతుంది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టమనీ, మెల్లగా తట్టమనీ సలహాలిచ్చేవాళ్లుంటారు. వద్దు.

మీ చోట నేనుంటే రెండో దారి పడతాను, కొడుకును పక్కన కూర్చోబెట్టి. కానీ ఆ పద్యాల రికార్డు ప్రపంచంలో ఇంకెక్కడా లేకపోతే, దాని కోసం ఎంతైనా ఖర్చు పెట్టగలననుకుంటే, మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడోదానికే వెళ్లండి. డిస్క్ ఎంత తక్కువ అలిసిపోయి వాళ్ల చేతికి చేరితే అంత ఎక్కువ దక్కుతుంది. ముందు మరొకటి గుర్తుచేసుకోండి: ఆయన ఆ పద్యాలు ఎవరికైనా వాట్సాప్‌లో పంపారా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారా? శిష్యుల దగ్గరో, మీ ఆడపడుచుల ఫోన్లలోనో దొరకొచ్చు.

కాపీ అయ్యాక పాతదాన్ని ఏం చేయాలన్నది పెద్ద చిక్కు కాదు. టిక్ టిక్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ వేయిస్తే చప్పుడుండదు, దాన్లో తిరిగే భాగమే లేదు. కంప్యూటర్ కూడా మునుపటికన్నా చురుగ్గా నడుస్తుంది. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు పంపడం, ఆపేసింది, పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. బ్యాంకు పనులు చేసేదుంటే మీ అబ్బాయి చెప్పిన ల్యాప్‌టాపే మేలు. అబ్బాయి మాటలో తప్పు లేదు, వరసే తప్పు. పారేయడం ఆఖరి పని. అప్పుడు కూడా డిస్క్ ఊడదీసి ఇంట్లో పెట్టుకుని, మిగతా డబ్బానే పాత సామాన్లవాడికి ఇవ్వండి.

ఇక ఫోన్ వచ్చే ముందు అరిచే స్పీకర్లు. అత్తగారిది బొత్తాల ఫోనే అయివుంటుంది, ఛార్జింగ్‌కు కంప్యూటర్ బల్ల మీదే పెడుతున్నారు, అవునా? అలాంటి ఫోన్లు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. టవర్‌తో మాట్లాడేటప్పుడు అవి సిగ్నల్‌ను ధారగా కాకుండా సెకనుకు 217 సార్లు తుంపులు తుంపులుగా వదులుతాయి. దగ్గర్లో ఉన్న స్పీకర్ వైరు దాన్ని ఏరియల్‌లా పట్టేస్తుంది, స్పీకర్‌లోని యాంప్లిఫయర్ దాన్ని మన చెవికి వినిపిస్తుంది. ఎవరైనా ఫోన్ చేస్తే మోగడానికి ముందే టవరూ ఫోనూ మాట్లాడుకోవాలి కాబట్టి చప్పుడు ముందు, గంట తర్వాత. ఒక్కోసారి ఏ ఫోనూ రాకుండానే అరుస్తుంది, నేనిక్కడే ఉన్నానని ఫోన్ అప్పుడప్పుడూ టవర్‌కు చెప్పుకుంటుంది కనక. కంప్యూటర్ ఆపినా ఎందుకు వస్తోందంటే స్పీకర్లకు కరెంటు వేరే ప్లగ్గు నుంచి అందుతోంది. దాన్ని ఉంచమన్నది ఇందుకే. కంప్యూటర్ ప్లగ్గు తీసేసి ఉండగా, ఫోన్‌ను స్పీకర్ పక్కన పెట్టి అబ్బాయిని కాల్ చేయమనండి. తర్వాత వంటింట్లో పెట్టి మళ్లీ చేయమనండి. తేడా మీకే వినిపిస్తుంది. మీది స్మార్ట్‌ఫోన్ అయితే 4జీ కాల్స్‌కు మామూలుగా ఇలా అరవదు. అందుకే మీ ఫోన్‌కు రాని కబురు అత్తగారి ఫోన్‌కే వస్తోంది.

అత్తగారికి ఏమని చెప్పాలన్నది స్పీకర్ల కన్నా కష్టమైన ప్రశ్న. ఫోన్‌ను చల్లగా వేరే గదిలోకి మార్చేసి, ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. చప్పుడు ఆగిపోతుంది. అయితే ఆవిడ దాన్ని ఎలా తీసుకుంటారో ఆలోచించండి. భయపడుతుంటే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. కానీ మీరు రాసిన మాటలో నాకు భయం కనిపించలేదు. ఫోనొస్తోందని చెబుతున్నాడు అంటున్నారంటే కొడుకు ఇంకా ఇంటి పనుల్లో చేయి వేస్తున్నాడన్న ధీమా అది. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతే 'వాడికీ నా మీద విసుగొచ్చింది' అనుకోవచ్చు. ఆ వయసులో అది చిన్న దెబ్బ కాదు.

కూర్చోబెట్టి అంతా విడమర్చి చెప్పడం ఇంకో పద్ధతి. పరీక్ష ఆవిడ ముందే చేసి, ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చి, స్పీకర్‌కు దగ్గరగా, దూరంగా పెట్టించండి. పండితుడి తల్లి, అర్థం చేసుకోలేరని అనుకోవద్దు. అర్థమయ్యాక కూడా 'అయితే ఏంటే, వాడే చేయిస్తున్నాడు' అంటే వాదించకండి. అందులో ఎవరికీ నష్టం లేదు. నష్టమల్లా పనిమనిషి గది మానేయడం, మీరు నిద్ర పోగొట్టుకోవడం. పనిమనిషికి కూడా అదే పరీక్ష ఒకసారి చూపించండి, వీధంతా ఆమే చెప్పి పెడుతుంది.

పద్యాలు బయటికొస్తే మీ ఫోన్‌లో వేసుకోండి. అత్తగారికి వినిపించే ముందు మాత్రం అడగండి. కొందరికి ఆ గొంతు ఊరట, కొందరు తట్టుకోలేరు. మీ సంగతీ అంతే, ఆవిడ విన్నారని మీరూ వినితీరాలని ఏమీ లేదు.

ఇంగ్లీషులో మాట్లాడిన మగ గొంతు గురించి మీరు ఎక్కువ రాయలేదు. తెర మీద ఎర్రగానో నీలంగానో హెచ్చరిక వచ్చి, ఒక నంబరుకు ఫోన్ చేయమని ఉందా? ఉంటే అది మోసపు వెబ్ పేజీ. కంప్యూటర్‌లో వైరస్ ఉందని రికార్డు చేసిన గొంతుతో బెదిరించి, ఫోన్ చేసినవాళ్ల దగ్గర డబ్బు గుంజుతారు. లోపలికి ఎవరూ రాలేదు, ఒక పేజీ తెరుచుకుంది, అంతే. మళ్లీ వస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, తెరుచుకున్న టాస్క్ మేనేజర్ జాబితాలోంచి బ్రౌజర్‌ను ఆపేస్తే చాలు. అయితే ఆ నంబరుకు మీరు గానీ ఆ కుర్రాడు గానీ ఫోన్ చేశారా, వాళ్లు చెప్పిన ప్రోగ్రామ్ ఏదైనా ఎక్కించారా? ఎక్కించి ఉంటే బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి వెంటనే మార్చండి. డబ్బు పోయినట్టు తేలితే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకు జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

బల్ల కింద టక్కుమని కీ కీ అనేది యూపీఎస్. సాయంత్రాలు వోల్టేజీ పడి లేస్తుంటే లోపల రిలే అనే స్విచ్ కొట్టుకుంటుంది, బ్యాటరీ మీదకు వెళ్తే కూత పెడుతుంది. ఆ బ్యాటరీ మామూలుగా రెండు మూడేళ్లకు మించి రాదు. మీవారు ఆఖరిసారి ఎప్పుడు మార్పించారో బిల్లు వెతకండి. ల్యాప్‌టాప్ కొంటే ఇక దాని అవసరమే ఉండదు.

మీరు పెద్ద విషయం కాదన్న చురుకు మాత్రం నన్ను ఏ చప్పుడూ పెట్టనంత టెన్షన్ పెట్టింది. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు చెత్తను వడగట్టే కెపాసిటర్లు ఉంటాయి. వాటి నుంచి కొద్దిగా కరెంటు డబ్బాకు చేరడం మామూలే, అది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. పోవడం లేదు కాబట్టే మీ వేలి గుండా పోతోంది. ప్రస్తుతానికి అది చురుకే. రేపు లోపల ఏ వైరో తెగి డబ్బాకు తగిలితే, ఎర్త్ లేని ఇంట్లో అదే చోటు ప్రాణం తీస్తుంది. గ్రైండరుకూ, ఫ్రిజ్జుకూ, గీజరుకూ ఇదే వర్తిస్తుంది. అందుకే కంప్యూటర్ షాపు కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూడో పిన్నుకు ఎర్త్ అందుతోందా అని ప్రతి సాకెట్టూ చూడమనండి. పాత ఇళ్లలో పెరట్లో గుంట తీసి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పెట్టేవారు, అది ఎండిపోతే పనిచేయదు. మీవారు ఎండాకాలంలో ఆ గుంటలో నీళ్లు పోసేవారా? ఇప్పుడు ఎవరైనా పోస్తున్నారా? పనిలో పనిగా 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ కూడా బిగించమని అడగండి. మనిషికి కరెంటు తగలగానే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్ వచ్చినా ఛార్జర్ పెట్టేది ఆ సాకెట్‌కే కదా.